ఆగనంటున్న సర్వర్

“మళ్ళీ లేచిందా?” అంటూ పెద్దల్లుడు పక్క కుర్చీలోంచి తొంగిచూశాడు. గొంతులో ఎంత సానుభూతి ఉందో లోపల అంత సంబరం ఉంది.

“లేచింది అన్నయ్యా,” అన్నాడు చిన్నల్లుడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఒకే ఇంటి అల్లుళ్ళు ఒకే ఆఫీసులో పనిచేయడం అంత సుఖమైన వ్యవహారం కాదు. అందులోనూ వెనకొచ్చిన చిన్నవాడు టీమ్ లీడర్ అయి కూర్చుంటే పెద్దవాడికి అన్నం సహిస్తుందా? అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా చిన్నల్లుడి తెలివితేటలే ఏకరువు పెడుతుంది. భార్యేమో చెల్లెలి అదృష్టం తలుచుకుని నిట్టూరుస్తుంది. పెద్దల్లుడు కుళ్ళిపోతున్నాడు. ఆ సంగతి తనకీ తెలుసు.

కంపెనీ పనులన్నీ కొత్త సర్వర్లలోకి మారిపోయాయి. క్లౌడ్‌లో మిగిలిన ఒక్క పాత సర్వర్‌ని ఆపేస్తే అయిపోయినట్టే. ఇన్నేళ్ళూ దాన్ని కనిపెట్టుకుని ఉన్నది పెద్దల్లుడే అయినా, ఆపే పని మాత్రం లీడర్‌ది. చిన్నల్లుడు ఆపడం, కాసేపటికి అది దానంతటదే మళ్ళీ నడవడం, కొన్నాళ్ళుగా ఇదే తంతు. లోపల్నించి ఆపి చూశాడు, బయట్నించి బలవంతంగా ఆపి చూశాడు. మేనేజరు విసుక్కుంటే తల గోక్కుని, కారణం దొరకడం లేదండీ అన్నాడు.

పోనీ నేను చూడనా అని పెద్దల్లుడు అడిగినప్పుడల్లా, మీకెందుకన్నయ్యా శ్రమ అని దాటేసేవాడు. పరువు పోతుందని భయం కాబోలని పెద్దల్లుడు లోలోపల నవ్వుకున్నాడు.

ఆ రోజు చిన్నల్లుడు మీటింగుకి వెళ్ళగానే కూర్చుని వెతికాడు. చేతిలో టీ చల్లారకముందే దొరికింది. సర్వర్ ఆగిన ప్రతిసారీ దాన్ని మళ్ళీ నడిపించమని ఎవరో ఆదేశం రాసి పెట్టారు. రాసినవాడి పేరు చూసేసరికి అతనికి పట్టపగ్గాలు లేవు. వెంటనే వెళ్ళి మేనేజరుని వెంటబెట్టుకొచ్చాడు.

“చూడండి సార్. మీ లీడర్ తనే రాసి, తనే మర్చిపోయి, లోకమంతా వెతుకుతున్నాడు.”

మీటింగు నుంచి వచ్చిన చిన్నల్లుడు తెర చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. దాన్ని ముట్టుకోవద్దని గబగబా చెప్పబోయాడు గానీ, పెద్దల్లుడు అప్పటికే ఆదేశం చెరిపేసి సర్వర్‌ని ఆపేశాడు. ముగ్గురూ చాలాసేపు చూశారు. ఈసారి అది లేవలేదు.

మేనేజరు పెద్దల్లుడి భుజం తట్టి, చిన్నల్లుడి వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు. ఆ చూపుతో పెద్దల్లుడి కడుపు చల్లబడింది. ఈ కబురు అత్తగారికి తనే చెప్పాలనుకున్నాడు.

“ఏమోయ్, ఇంత చిన్న సంగతి తట్టలేదా నీకు?”

చిన్నల్లుడు కుర్చీలో కూలబడ్డాడు.

“అది నడిచినన్నాళ్ళే మీకు ఉద్యోగమన్నారు పైవాళ్ళు, అన్నయ్యా.”