ధర చెప్పని మనిషి

రంగుల కొట్టు గుమ్మంలో ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. చంకలో పాత తోలు సంచి, కాళ్లకు నిగనిగలాడే బూట్లు.

కొట్టు యజమాని డబ్బా మూత బిగిస్తూ తలెత్తాడు.

"రంగులకేనా? గోడ ఆరిందో లేదో ముందు చెప్పండి. తడి గోడకు నేను డబ్బా ఇవ్వను."

"ఆరింది. మీరు చెప్పినట్టే, పైకప్పు కారడం ఆపించాకే రంగు వేయించాను," ముసలాయన నవ్వాడు. "ఇవాళ రంగుల కోసం రాలేదు. మీరు వార్డు మెంబరుగా నిలబడ్డారుగా, పని చేద్దామని వచ్చాను."

"ఏం పని?"

"ఏదైనా సరే. వకీలుగా చేసి మానేశాను. కాగితాలు పంచుతాను, ఇల్లిల్లూ తిరుగుతాను."

"ఏమివ్వాలి?"

"ఏమీ వద్దు. జన్మంతా ఫీజు పుచ్చుకుని మాట్లాడిన నోరు. ఒక్కసారి ఊరికే మాట్లాడి చూద్దామని."

యజమానికి ఆ మాట గొంతు దిగలేదు. బుద్ధెరిగినప్పటినుంచీ అతను ధర చెప్పని సరుకు కొనలేదు. అడిగేవాడితో బేరం ఆడొచ్చు. అడగనివాడి బేరం ఎక్కడో లోపల దాగి ఉంటుంది. అది బయటపడిన రోజున మనకే బొప్పి కడుతుంది.

అయినా, వకీళ్లను నమ్ముకోవలసిన ఖర్మ తనకేం పట్టింది? వెనక వీధి జనం దర్జీని ముందు పెట్టుకుని, వాళ్లంతట వాళ్లే కొట్టుకు వచ్చి నిలబడమని బతిమాలారు. తన పరపతి అలాంటిది.

ప్రచారమంతా బావమరిది పెత్తనం. పక్కనే ఉన్న అతను యజమాని చెవి దగ్గరికి వంగాడు.

"అవతలివాళ్లు పంపిన మనిషేమో బావా!"

"ఓ కన్నేసి ఉంచు. వెనక వీధికి తోలు. అక్కడ ఎలాగూ మన ఓట్లే."

ముసలాయన మర్నాడే పనిలో దిగాడు. ఆ నిగనిగలాడే బూట్ల మీద జిగురు కారుతుంటే గోడలకు కాగితాలు అంటించాడు. ఎవరి మెట్టు మీద కూర్చుంటే అక్కడే పూట గడిచిపోయేది.

"వకీలుగారు కదా, ఇంటింటికీ వాయిదా వేస్తున్నారు," అని బావమరిది నవ్వాడు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక పొద్దున పరుగున వచ్చాడు.

"కొంప మునిగింది బావా! ఏడాదిలో ఇంటింటికీ కుళాయి అని మనం అచ్చేశామా? ఆయనేమో, కుళాయి మాట నమ్మకండి, మురుగుకాలవ మాత్రం కట్టిస్తాడు అని చెప్పుకొస్తున్నాడు!"

యజమాని కొట్టు వదిలి విసవిసా నడిచాడు. దర్జీ అరుగు మీద వకీలు కూర్చుని ఉన్నాడు. చుట్టూ వీధి జనం.

"ఏమయ్యా, ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. పెద్ద పైపు ఈ వీధి దాకా రావడం మెంబరు చేతిలో లేదండీ. కాలవైతే మీరు చేయగలరు. చేయగలిగింది చెబితేనే ఓటు నిలుస్తుంది."

"నా సరుక్కి నా మనిషివై ఉండి వంకలు పెడతావా? కేసుల్లేక ఈగలు తోలుకునేవాడివి, నీకెందుకయ్యా రాజకీయం? ఆ కాగితాలు అక్కడ పడేసి నడు!"

దర్జీ కుట్టుమిషన్ ఆపేశాడు.

వకీలు కాగితాల అంచులు సరిచేసి దర్జీ బల్ల మీద పెట్టాడు. జిగురు ఎండిన వేళ్లు జేబురుమాలుతో తుడుచుకున్నాడు. అరుగు దిగి వెళ్లిపోయాడు.

"పీడ వదిలింది," అన్నాడు బావమరిది.

యజమాని ఓడిపోయాడు. మిగతా వీధుల్లో అటూ ఇటూ సరిపోయింది. ముంచింది వెనక వీధే.

తర్వాత కొన్నాళ్లకు దర్జీ తలుపుకు వేసే రంగు కోసం వచ్చాడు. యజమాని డబ్బా తీయలేదు.

"ఏం తమ్ముడూ, నిలబడమన్నదీ మీరే, ముంచిందీ మీరేనా?"

"అవునన్నా. దాచేదేముంది?"

"ఏం పాపం చేశాను?"

"ఆయన్ని అందరిముందూ అలా తరిమేశాక ఏ ముఖం పెట్టుకుని మీకు ఓటు వేస్తాం?"

"ఎవడో దారినపోయే వకీలు కోసం నన్ను..."

దర్జీ తెల్లబోయాడు.

"ఆయన మీకు చెప్పనేలేదా?"

"ఏం చెప్పాలి?"

"మా ఇళ్లు కూల్చకుండా కోర్టులో ఏళ్ల తరబడి అడ్డం నిలబడ్డది ఆయనే అన్నా. అందుకే మేం మొదట వెళ్లింది ఆయన దగ్గరికే. మెంబరుగా మీరే నిలబడండి అన్నాం."

"మరి?"

దర్జీ వరసగా పేర్చిన డబ్బాల వంక చూస్తూ అన్నాడు:

"'నేనెందుకు? తడి గోడకు రంగు వద్దని చెప్పి, వచ్చిన బేరం వదులుకున్నాడొకడు. అతనైతే మీకు అబద్ధం చెప్పడు' అని మమ్మల్ని మీ కొట్టుకు పంపింది ఆయనే అన్నా."