కిటికీ మేస్త్రి

"దాని కింద ఆ దుంగ ముక్క ఎందుకే? పసిపిల్లకి పరుపేసినట్టు."

వంటింటి కిటికీ బార్లా తీసి తౌనో అరిచాడు. కట్టు కట్టిన కాలు స్టూలు మీద ఉంది. ఎదురుగా షెడ్డు గుమ్మంలో చిన్న ట్రాక్టరు, తోక ఇటు తిప్పి నిలబడింది. దాని వెనక మోకాళ్ల మీద అతని భార్య హిల్కా.

"కిటికీ మూసుకో ముసలాయనా. పొయ్యి వేడంతా ఊళ్లోకి పోతోంది."

మధ్యాహ్నం కాఫీ వేళకే చీకటి పడుతోంది. రాత్రికి మోకాలి లోతు మంచని రేడియో పొద్దుట్నుంచీ ఒకటే పాట. పెద్ద రోడ్డు దాకా దారి తోసి పెట్టకపోతే రేపు నర్సు సిర్పా కారు రాదు. రేపు కట్టు విప్పి పుండు కడక్కపోతే బొటనవేలు దక్కదని డాక్టరు చెప్పేశాడు.

మంచు తోసే బ్లేడు ఉంది. ట్రాక్టరూ ఉంది. వెనకనుంచి ఆ బ్లేడుని ఎత్తి దించే లిఫ్టు చేతులే లేవు. ఆకులు రాలే రోజుల్లో అడవిలో మొద్దులు లాగీ లాగీ పాతవి వంకరపోయాయి. కొత్త జత షెడ్డు నేల మీద పడి ఉంది. కొత్తవన్న మాటే గానీ, ఒకదాని కొసన అప్పుడే రంగు లేచిపోయింది.

తౌనో కాలి మీదికి కట్టెల పేర్పులోంచి బిర్చ్ దుంగ దొర్లిందని ఊరందరికీ తెలుసు. చర్చి ఆడవాళ్లు పాపం అనుకుని పళ్లెం నిండా యాలకుల బన్నులు తెచ్చిచ్చారు. అవి తింటూనే ఇప్పుడీ మేస్త్రిగిరీ.

హిల్కా ఇనుప చేతిని దుంగ ముక్క మీదికెక్కించింది. కొసనున్న కన్నం ఇరుసు కింది పిన్నుకి ఎదురుగా వచ్చేదాకా దుంగని అటో వేలెడు, ఇటో వేలెడు జరుపుతోంది.

"ఇలాగైతే ఈస్టరుకి అవుతుంది. బరువు బూటు మీదికి తీసుకుని కాలెత్తాలే. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. మా నాన్న అలాగే బిగించేవాడు."

"మీ నాన్న చేసినవన్నీ చేస్తే ఈ ఇంట్లో ఫోటోలే మిగులుతాయి."

"గ్రీజు అంత పూయకు. రొట్టె కాదది."

"నీ రొట్టెకీ ఇంతే పూస్తాలే. కాసేపు నోరు మూసుకుని తిందువుగాని."

కన్నం పిన్ను మీదికి జారింది. చీల పెట్టింది. రెండో చెయ్యీ అలాగే, దుంగ మీదే. పైనించి దిగే కడ్డీలు తగిలించి, గొలుసులు బిగించి, సీటెక్కి మీట లాగింది. రెండు చేతులూ ఆవులించి లేచినట్టు మెల్లగా పైకి లేచాయి.

కిటికీ టపీమని మూసుకుంది.

ఆ రాత్రి రేడియో చెప్పినంతా కురిసింది. తెల్లారేసరికి హిల్కా దారి తోసేసింది.

సిర్పా కారు గుమ్మం దాకా వచ్చి ఆగింది. లోపలికొచ్చి, బూట్లు విప్పి, తౌనో ముందు చతికిలబడి కట్టు విప్పసాగింది.

"దారి తుడిచి పెట్టినట్టుంది తాతా. ఎవరు తోశారేంటి?"

"తోసింది ఆవిడే. ఆ లిఫ్టు చేతులు బిగించిన బుర్ర మాత్రం నాది. ఇదిగో, ఈ కిటికీలోంచి ఒక్కో ముక్కా చెప్పి చేయించాను. బరువు ఎక్కడ ఆనించాలో ఆడవాళ్లకి తెలిసి చావదు."

హిల్కా కాఫీ కెటిల్ అందుకుంది.

పుండు ఎర్రగా, శుభ్రంగా ఉంది. సిర్పా ఊపిరి పీల్చుకుంది. "వేలు దక్కింది తాతా. ఇక ఆ దుంగల జోలికి మాత్రం పోకు."

తౌనో పెద్దమనిషిలా తలూపాడు.

హిల్కా కప్పులో కాఫీ పోస్తూ అంది: "కాలి మీద పడింది దుంగ కాదు సిర్పా, ఆ లిఫ్టు చెయ్యే, బూటు మీదికి తీసుకుని కాలెత్తాడు."