మూడుసార్లు తప్పిన పరీక్ష

లెనిన్‌గ్రాద్ ముట్టడి తొలి చలికాలం, ఊరంతా ఆకలిచావులు. ఇంజనీరింగ్ విద్యాలయంలో ఆ పరీక్ష మూడోసారీ తప్పాను.

"దూలం ఎంత బరువు మోస్తుందంటే నీళ్లు నములుతావేంరా, వేన్యా? రేపు మళ్లీ తగలడు!" అంది అగ్నియా ల్వోవ్నా ప్రొఫెసర్.

"అంతా సరిగ్గానే చెప్పానండీ! రేపు మంచం దిగే ఓపిక లేదు."

"పడుకున్నావో, పేరు కొట్టేస్తా."

ఓపిక లేదని పడుకున్న నా గదివాళ్లిద్దరూ మరి లేవలేదు.

మా మార్కుల పుస్తకంలో పాసైతేనే రాస్తారు. నా పుస్తకం మొదటి పరీక్షరోజు నుంచీ ఆవిడ దగ్గరే ఉంది.

తిట్టుకుంటూ మర్నాడూ మంచులో ఏడు కిలోమీటర్లు నడిచాను. ఆవిడ కోటు కప్పుకుని, కుర్చీలోనే ప్రాణం వదిలేసి ఉంది. చేతికింద నా పుస్తకం.

తెరిచాను. ఐదుకి ఐదు వేసి ఉంది. సంతకం పక్కన తేదీ, నేను మొదటిసారి పరీక్షకొచ్చిన రోజుది.