మొఖం చూస్తే తెల్వదా?

"ఆగు! క్యాన్ కింద పెట్టు. అసలు పేరు చెప్పు."

మెట్లు దిగుతున్న పాలవాడి మోచెయ్యి సీతారాం గట్టిగా పట్టుకున్నాడు. హుస్సేనీ ఆలం గల్లీలో కింద అతని స్టీలు సామాన్ల దుకాణం, పైన ఇల్లు. రోజూ వచ్చే దుర్గయ్య బదులు ఇవాళ పాలు పొయ్యడానికి ఈ కొత్తవాడు వచ్చాడు. నల్లగా, బక్కగా ఉన్నాడు. గడ్డం మాసింది.

"అసలు పేరేంది సేటూ? మా అమ్మ పెట్టింది గదొక్కటే. అంజన్. దుర్గయ్య మామకు జరమొచ్చింది, పొయ్యిరా అంటె వచ్చిన."

సీతారాం నమ్మలేదు. ఈ మొహాన్ని ఎక్కడో చూశాడు. ఎంత బుర్ర గోక్కున్నా ఎక్కడన్నది తట్టడం లేదు గానీ, ఈ చేతులకు బేడీలు ఉండగా చూసిన మాట ఖాయం. అప్పుడు కళ్లకు సుర్మా ఉంది, నెత్తిన జాలీ టోపీ ఉంది. పేరు కూడా వేరే ఏదో ఉంది. పేరు మార్చుకుని, వేషం మార్చుకుని ఇంట్లోకే వచ్చాడంటే ఊరికే వస్తాడా?

నిన్ననే భార్య నాగమణమ్మ కాసుల హారం బ్యాంకు లాకర్లోంచి ఇంటికి వచ్చింది. ఆమె తల్లి తన మెడలోంచి తీసి వేసిన హారం అది. రేపు గుడిమల్కాపూర్‌లో మేనల్లుడి పెండ్లి. పొద్దున వీడు పాలు పోస్తున్నప్పుడే ఆ మహాతల్లి తలుపు బార్లా తెరిచి, హారాన్ని మంచం మీద పరిచి తుడుస్తూ కూర్చుంది.

"లోపలికి ఎందుకు చూసినవ్?"

"గిన్నె కోసం సూసిన సేటూ. పాలు నేల మీద పొయ్యాల్నా?"

"మాటకు మాటనా!" సీతారాం చెంప మీద ఒక్కటిచ్చాడు. గల్లీలో జనం పోగయ్యారు.

"ఏం గొడవండీ ఇక్కడ?"

దుకాణంలో కుక్కర్లు చూస్తున్న మనిషి బయటికి వచ్చాడు. తెల్లగా, ఎత్తుగా, కోరమీసంతో ఉన్నాడు. కాళ్లకు బూట్లు తళతళా మెరుస్తున్నాయి.

సీతారాం గుండె కుదుటపడింది. ఈ మొహమూ తెలిసిందే. ఇతన్ని మాత్రం ఖాకీ బట్టల్లో చూశాడు. ఆ నిలబడే తీరు, ఆ గొంతు మరిచిపోయేవి కావు.

"ఎస్సై సార్! దేవుని లెక్క వచ్చిండ్రు. ఇయ్యాల డ్యూటీల లేరా?"

ఆ మనిషి సీతారాంను ఒక్క క్షణం తేరిపార చూశాడు. "డ్యూటీ లేని రోజు ఎక్కడుందండీ మాకు?"

అతన్ని చూడగానే అంజన్ మొహం విప్పారింది. "అరె భాయ్, మీరా! జర సేటుకు సమజ్ చేసి చెప్పుండ్రి..."

"భాయ్ ఏంట్రా? నోర్ముయ్!" ఆ కేకకు గల్లీ అంతా గప్‌చుప్. "వీడు నాకు బాగా తెలుసండీ. ఎన్నిసార్లు పట్టుకున్నానో లెక్కే లేదు."

"విన్నరా?" అన్నాడు సీతారాం జనం వైపు తిరిగి.

"ఇవాళ్టికి వదిలేస్తున్నా. మళ్లీ ఈ గల్లీలో కనిపించావో, తోలు తీస్తా."

అంజన్ అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత క్యాన్ ఎత్తుకున్నాడు. "సేటూ, గాయన..."

"పోతవా, ఇంకొకటి పడాల్నా?"

అంజన్ వెనక్కి వెనక్కి చూసుకుంటూ వెళ్లిపోయాడు.

సారును పైకి తీసుకుపోయి కుర్చీ వేశారు. చాయ్ వచ్చింది. సీతారాం హారం సంగతంతా తనే చెప్పుకున్నాడు.

"వీడొక్కడే కాదండీ, ముఠా ఉంటుంది. ముందు ఒకడొచ్చి చూసి వెళ్తాడు. ఇంట్లో మాత్రం ఉంచకండి."

"ఇయ్యాల ఐతారం సార్, బ్యాంకు బందు. మీరే జర స్టేషన్ల పెట్టుండ్రి. రేపు పొద్దుగాల నేనే వచ్చి తీసుకపోత."

"అబ్బే, బంగారం వ్యవహారం. నాకెందుకండీ?" సారు రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి మొహమాటపడ్డాడు.

వంటింట్లో నాగమణమ్మ హారాన్ని కొంగులో పట్టుకుని నిలబడింది. ఆమెకు మనసొప్పలేదు. "ఏ స్టేషనో అడిగినవా? ఒక్క ఫోన్ చేసి కనుక్కోరాదు?"

"ఎస్సైని పట్టుకొని కార్డు చూపియ్యమంటనా? మొఖం చూస్తే తెల్వదా?"

ఆమె హారాన్ని కళ్లకద్దుకుని ఇచ్చింది. సీతారాం దుకాణంలోంచి కొత్త స్టీలు డబ్బా తెప్పించి, అందులో పెట్టి, మూత బిగించి సారు చేతిలో పెట్టాడు. ఆ రోజంతా నిశ్చింతగా వ్యాపారం చేసుకున్నాడు.

చీకటి పడ్డాక ఇద్దరూ టీవీ ముందు అన్నానికి కూర్చున్నారు. రోజూ చూసే నేరాల ప్రోగ్రామే. ఎప్పటిలాగే చార్మినార్ చూపించారు. ఎప్పటిలాగే ఇరుకు గల్లీ, గుండెలదిరే మ్యూజిక్. దొంగ పేరు సలీం. కళ్లకు సుర్మా, నెత్తిన జాలీ టోపీ. ఎవరి బ్యాగో లాక్కుని పరుగెడుతున్నాడు.

నాగమణమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏమయ్యా, పొద్దుగాల్టి పాలపిలగాడు కాదూ!"

"అరె! ఇగో, ఇక్కడ్నే చూసిన!" సీతారాం ఎడమచేత్తో నెత్తి కొట్టుకున్నాడు. వాడు దొంగ కాదు, దొంగ వేషం వేసేవాడు. అంతమంది ముందు కొట్టినందుకు సిగ్గేసింది. సిగ్గులోనే నవ్వూ వచ్చింది.

"పాపం, అంజన్ అంటె ఇన్లేదు. వేషమేసేటోన్ని పట్టుకొని కొడ్తివి," నాగమణమ్మ కూడా నవ్వింది. "రేపు పిలిచి మాఫీ అడుగు."

"అడుగుత తియ్యి."

సీతారాం నవ్వు ఇంకా ఆగలేదు. టీవీలో సలీం గల్లీ చివరికి చేరేసరికి ఎదురుగా పోలీసు జీపు వచ్చి ఆగింది. ముందు మెరిసే బూట్లు కింద ఆనాయి. ఆ తర్వాత ఎస్సై సారు దిగాడు.