రేవు గేటు చెప్పిన చరిత్ర

ఆ కాలానికి పాత కట్టడాలన్నిటికీ మాటలు వచ్చేశాయి. గోదావరి ఒడ్డున ఉన్న పాత లాంచీల రేవులో గేటైతే, వచ్చినవాళ్ళు తన చరిత్రంతా విని, అడిగిన ప్రశ్నకు జవాబు చెబితేగాని తెరుచుకోదు. రొయ్యలమ్మే వీరవేణి రోజూ వినాల్సిందే. ఆ పూట లాంచీ కూత వేసేసింది. అది తప్పితే అవతలి ఒడ్డున సంత తప్పినట్టే.

"ఈ కమాను కట్టిందెవరు?" అంది గేటు.

"మా తాతమ్మ మరిడమ్మ."

"తప్పండి. దొరగారు."

"ఆ దొర గొడుగు కింద నిలబడ్డాడు! బెల్లం, కరక్కాయ కలిపిన సున్నం నెత్తిన మోసింది మా తాతమ్మ!"

గేటు చాలాసేపు ఆలోచించింది. "రాసుకున్నానండి" అని తెరుచుకునేసరికి లాంచీ వెళ్ళిపోయింది. ఆ రొయ్యలన్నీ ఇంటిల్లిపాదీ రెండు పూటలా తిన్నారు.

మర్నాడు చరిత్ర ఇంకాస్త పొడుగైంది. "ఈ కమానుకు సున్నం మోసినవారు మరిడమ్మగారు" అంది గేటు. జనమంతా విసుక్కుంటూనే విని, జవాబు చెప్పారు. గేటు తెరుచుకుంది. లాంచీ కూత వేసింది.

"నడవ్వే వేణీ, లాంచీ పోద్ది!" అని వెనకవాళ్ళు తోశారు.

వీరవేణి గంప దించి గేటుకు అడ్డంగా నిలబడింది.

"ఉండండెహె! ఏదీ, ఆ పేరు ఇంకోసారి చెప్పు."