మర్యాద గొంతు

మాట పోయినవాళ్ల మెడలన్నిటికీ ఇంజినీరింగు విద్యార్థులు చేసిన, పెదాల కదలికను మాటగా పలికే గొంతుపట్టీలు వచ్చేసిన కాలమది. పక్షవాతంతో ఏడాదిగా మాట పడిపోయిన గుంపస్వామికీ నిన్ననే ఒకటి కట్టారు. అప్పట్నుంచీ పెళ్లాన్ని "మీరు" అంటున్నాడు.

ముప్పై ఏళ్ల కాపురంలో అతను సన్యాసమ్మను అలా అన్నది ఒక్కసారే. అప్పుడు కోపమొచ్చి రెణ్ణెల్లు ఆమెతో పలకలేదు. ఇప్పుడూ కోపమేటని ఆమె అడిగితే, "మీ మీద కోపం లేదండీ" అన్నాడు. ఆ 'అండీ'తో కోపం ఖాయమనుకుంది సన్యాసమ్మ.

పట్టీ చేసిన హారికను పిలిపించింది. ఆ పిల్ల విని నాలిక్కరుచుకుంది. "ఆయన తప్పు కాదు పిన్నీ. అందరినీ మర్యాదగా పిలవాలని మేమే పెట్టాం." పట్టీని సరిచేసింది.

గుంపస్వామి చారు చప్పరించాడు. "ఏటే, ఇది చారా, సముద్రమా?"

సన్యాసమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "నోర్మూసుకుని తాగు," అంది. ఆ మాట అనే యోగం ఆమెకు ఏడాది తర్వాత దక్కింది.