తిమింగలం బొమ్మ

“ఇయ్యను పంతులమ్మా. ఏం చేసుకుంటావో చేసుకో.”

పిచ్చమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ చాపి ద్వారబంధం పట్టుకుంది.

కరుణాకుమారి వాకిట్లో, ఎండలో ఉంది. ఆమె వెనక పిల్లల గుంపు. వేసవి సెలవులు ఇచ్చినప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఊరి బయట సరుగుడు తోపులో వాళ్లను కూర్చోబెట్టి పుస్తకాలు చదివిస్తోంది. ఉన్నవాటిలో రంగుల బొమ్మలది ఒక్కటే. తప్పు లేకుండా చదివిన పిల్లకు ఆ పుస్తకం ఒక రాత్రి ఇంటికి ఇస్తుంది. పోయిన శనివారం కాదు, అంతకు ముందు శనివారం పిచ్చమ్మ కూతురు శేషమ్మ గెలుచుకుని తీసుకుపోయింది. ఆ తర్వాత పుస్తకమూ రాలేదు, శేషమ్మా రాలేదు.

“అది నా సొంతం కాదక్కా. ఈ పిల్లలందరిదీ. శేషమ్మను పిలువు, నేనడుగుతాను.”

“శేషమ్మ లేదు. చిల్లకూరు పోయుండాది, మేనత్త కాడికి.”

“మరి పుస్తకం?”

“ఇంట్లోనే ఉండాది.”

“పిల్ల ఊళ్లో లేకపోతే నీకెందుకది? నువ్వు చదువుతావా?”

పిచ్చమ్మ ద్వారబంధాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆమె తల దువ్వుకుని ఎన్నాళ్లయిందో, జుట్టు చిక్కులు పడి ఉంది. అరుగు మీద ఆమె భర్త మాలకొండయ్య మాసిన గడ్డంతో తల వంచుకుని కూర్చున్నాడు. పొద్దెక్కినా ఆ ఇంట్లోంచి తాలింపు వాసన రావడం లేదు. మొగుడూ పెళ్లాం పోట్లాడుకుని వంట మానేశారు కాబోలనుకుంది కరుణాకుమారి.

“మాలకొండయ్య మామ చించి బీడీలు చుట్టుకోనుంటాడు,” అంది వెనక నుంచి జయశీల. పిల్లలు కిసుక్కున నవ్వారు.

“పోయిన నెల టీకాలోళ్లొస్తే శేషిని గడ్డివాములో దాచింది. ఇప్పుడు పుస్తకాన్ని దాచింది,” అని అందుకుంది ఇంకో పిల్ల.

“నిన్ను మీయమ్మ కుండల వెనకాల దాచలా?”

“నన్నొక్కదాన్నేనా? అందరం దాక్కోలా?”

మళ్లీ నవ్వులు. కరుణాకుమారి నవ్వలేదు. ఆ రోజు టీకాలు వేయించమని ఇంటింటికీ తిరిగి ఎంత చెప్పినా ఊళ్లో ఒక్క తల్లి కూడా ఆమె మాట వినలేదు. ఆ కోపం ఇంకా పోలేదు.

“పంతులమ్మా, నా పెట్టనెత్తుకుపో. రోజూ గుడ్డు పెడతాది,” అంది పిచ్చమ్మ. “పుస్తకం మాత్రం అడగబాక.”

“కోడిని చదివించమంటావా?”

పిచ్చమ్మ చాపిన చేతులు దించలేదు.

“సరే. మునసబుగారిని పిలుచుకొస్తాను. ఆయనొచ్చి ఇల్లు వెతికిస్తే అప్పుడిద్దువు గాని.”

మాలకొండయ్య మొదటిసారి తల ఎత్తాడు. “మునసబు ఎందుకులేమ్మా,” అన్నాడు. పెళ్లాం వైపు తిరిగాడు. “ఇచ్చెయ్ మే.”

“తెలిసే అంటుండావా?”

“తెలిసే అంటుండా. ఇయ్యి.”

పిచ్చమ్మ లోపలికి పోయి తలుపు మూసుకుంది. చాలాసేపటికి గాని బయటికి రాలేదు. పుస్తకాన్ని చేతికివ్వకుండా గడప మీద పెట్టింది. కళ్లు తుడుచుకుంది.

“ఈ పొద్దు చదవబాక పంతులమ్మా. ఎండలో పెట్టి, రేపు చదువు.”

“ఇన్నాళ్లు నువ్వుంచుకున్నది చాలదా?”

కరుణాకుమారి వంగి పుస్తకం తీసుకుంది. పిల్లలు కేకలు వేసుకుంటూ ముందు పరుగెత్తారు.

తోపులో నీడ పల్చగా ఉంది. సముద్రం మీది గాలికి సరుగుడు చెట్లు సన్నగా హోరుమంటున్నాయి. పిల్లలు ఇసుక మీద ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు. పుస్తకం చెమ్మగిల్లి ఉబ్బింది. ఒక చోట రెండు పుటలు అతుక్కుపోయి ఉంటే, జయశీల వేలు నాలుకకు అద్దుకుని మెల్లగా విడదీసింది. తిమింగలం బొమ్మ వచ్చింది. నీలి సముద్రం, పెద్ద తిమింగలం, దాని పక్కన పిల్ల.

“పిల్ల పుట్టగానే తల్లి తిమింగలం దాన్ని నీళ్ల పైకి ఎత్తుతుంది, ఊపిరి పీల్చుకోమని,” అని చదివింది కరుణాకుమారి.

అందరిలోకీ చిన్నవాడు జీవానందం వంగి ఆ నీలం మీద చెంప ఆనించాడు. “చల్లగా ఉండాది పంతులమ్మా.”

“నేను, నేను,” అంటూ మిగతావాళ్లు మీదికొచ్చారు. ఇన్నాళ్లకు వాళ్ల ముఖాల్లో ఆ సంతోషం చూసి కరుణాకుమారికి మనసు తేలికపడింది. “తోసుకోకండి. వరసగా రండి,” అని పుస్తకాన్ని ఒళ్లో పరిచి పట్టుకుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తిమింగలం మీద చెంప పెట్టి కాసేపు కళ్లు మూసుకుని లేచారు. అందరూ అయ్యాక ఆమె కూడా నవ్వుతూ వంగి చెంప ఆనించింది.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు పిచ్చమ్మ వచ్చింది. దగ్గరికి రాలేదు. తోపు అంచున, చివరి చెట్టు అవతలే ఆగిపోయింది.

“పుస్తకం కోసం మళ్లీ వచ్చింది,” అని గుసగుసలాడింది జయశీల.

కరుణాకుమారి పుస్తకం మూసి గుండెలకు హత్తుకుంది. “ఏమక్కా, చిల్లకూరు నుంచి శేషమ్మ వచ్చిందా?”

“అది యాడికీ పోలా పంతులమ్మా. లోపలే ఉన్నింది. ఇంతకు ముందే పానం పోయింది,” అంది పిచ్చమ్మ అక్కడి నుంచే. “పుస్తకమిస్తే గుంటలో దాని పక్కన పెడతాం. అమ్మవారు పోసిన కాడ్నించి ఆ తిమింగలం బొమ్మ మీదనే చెంప ఆనించుకుని పండుకోనుండేది.”